గ్రీన్ బెల్ట్ తర్వాత మళ్లీ మొదటి నుంచి

2023 డిసెంబరులో ఒక రాత్రి, తొమ్మిది దాటింది. నల్గొండలో మా ఇంటికి రెండు సందుల ఇవతల, వెనక నుంచి వచ్చిన బైక్ మీది మనిషి నా ఎడమ జబ్బను, హ్యాండ్‌బ్యాగు పట్టీని కలిపి పట్టుకుని లాగాడు. అప్పటికి నేను కరాటే మొదలుపెట్టి ఏడాదిన్నర. గ్రీన్ బెల్ట్ వచ్చి మూడు నెలలు. ఆ రెండు మూడు సెకన్లు నేను ఏమీ చేయలేదు. బ్లాక్ లేదు, పంచ్ లేదు, కనీసం కేక కూడా లేదు. పట్టీ తెగింది, నేను మోకాళ్ల మీద పడ్డాను. కిరాణా షాపు షటర్ దించుతున్న పెద్దాయన "ఎవర్రా అది!" అని అరిచాక గానీ నా గొంతు లేవలేదు. అప్పటికి బైక్ మెయిన్ రోడ్డు ఎక్కేసింది.

ఆ రాత్రి నుంచి ఇప్పటిదాకా ఆత్మరక్షణ గురించి నేను నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. నాలాగా రాత్రి డ్యూటీ నుంచి నడిచి వచ్చే ఆడవాళ్లకైనా, పిల్లల్ని కరాటేలో చేర్పించాలనుకునే తల్లిదండ్రులకైనా పనికొస్తుందని.

నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. సెకండ్ షిఫ్ట్ అయితే హ్యాండోవర్ ఇచ్చి బయటపడేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. గడియారం సెంటర్ దాకా ఆటో, అక్కడి నుంచి నడక. 2022లో మా వార్డు అమ్మాయిని ఒకడు వారం రోజులు వెంబడించాడు. ఆ కబురు విన్నాక, ముప్పై రెండేళ్ల వయసులో, ఎనిమిదేళ్ల మా పాపతో పాటు నేనూ కరాటే క్లాసులో చేరాను. "ఈ వయసుల కరాటే ఏందే బిడ్డా" అంది మా అమ్మ. అన్నదే గానీ తెల్లవారుజామున లేచి మా ఇద్దరికీ టీ, బిస్కెట్లు పెట్టి పంపింది.

మాది షోటోకాన్ పద్ధతి. ఒకినావాలో పుట్టి పెరిగిన గిచిన్ ఫునకోషి 1922లో టోక్యో వెళ్లి అక్కడ కరాటేను నలుగురికీ పరిచయం చేశాడు, ఆయన శిష్యుల నుంచి వచ్చిన పద్ధతి ఇది. క్లాసులో మూడు భాగాలుంటాయి. కిహోన్ అంటే పంచ్, కిక్, బ్లాక్ వరుసగా కొట్టడం. కటా అంటే ఊహలో ఎదుటి మనిషిని పెట్టుకుని, ఒక క్రమంలో చేసే కదలికలు. కుమితే అంటే ఇద్దరి మధ్య పోరు. మా క్లాసులో కుమితే ఎక్కువగా ముందే చెప్పి చేసేది. ఎదుటివాళ్లు "జోడాన్" అని అరిచి ముఖానికి పంచ్ వేస్తారు, మనం ఆపుతాం. పంచ్ వచ్చి అక్కడే ఆగుతుంది.

ఆ ఏడాదిన్నర వృథా అని నేను ఎప్పటికీ అనను. నడుము నొప్పి తగ్గింది. తల దించుకుని నడిచే అలవాటు పోయింది. మా పాప స్కూల్లో చెయ్యెత్తి ప్రశ్న అడగడం మొదలుపెట్టింది. నా పొరపాటు ఒక్కటే. బెల్ట్ రంగు మారినకొద్దీ వీధిలో నా భద్రత కూడా అంత పెరిగిందని నమ్మాను.

బ్యాగు పోయిన రాత్రి 100కు ఫోన్ చేశాను, కిరాణా ఆయన ఫోన్‌లోంచి. ఫిర్యాదు రాసిచ్చాను. ఇంటికొచ్చి మోకాళ్లకు నేనే డ్రెస్సింగ్ చేసుకున్నా. నిద్ర పట్టలేదు. ఫోను, జీతంలో తీసిన నాలుగు వేలు పోయినందుకు బాధ ఉంది. కానీ అంతకంటే, ఏడాదిన్నర రోజూ చేసిన చెయ్యి ఆ క్షణంలో ఎందుకు లేవలేదన్నదే గుండెలో ముల్లులా గుచ్చింది.

జవాబు నా వృత్తిలోనే దొరికింది. నర్సింగ్ చదివేటప్పుడు సీపీఆర్ గురించి పరీక్షలో తప్పు లేకుండా రాశాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా ఛాతీని నొక్కాలి. అయినా మొదటిసారి గుండె ఆగిన మనిషి ముందు నిలబడ్డప్పుడు చేతులు చల్లబడ్డాయి, పక్కన సీనియర్ సిస్టర్ చెప్పే మాట దూరం నుంచి వినపడింది. భయం వేసినప్పుడు ఒంట్లోకి అడ్రినలిన్ దూకుతుంది. గుండె దడదడలాడుతుంది, వేళ్లతో చేసే సన్న పనులు తప్పిపోతాయి, చూపు ఒక్కచోటే నిలిచిపోతుంది. అందుకే ఆసుపత్రుల్లో చెప్పాపెట్టకుండా డ్రిల్స్ పెడతారు. పదిసార్లు డ్రిల్ చేశాకే నా చేతులు వాటంతటవే కదలడం నేర్చుకున్నాయి. సీపీఆర్ విషయంలో ఇంత తెలిసిన నేను, కరాటేలో దాన్ని ఎందుకు గుర్తించలేదు?

ఇంకొకటి గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. మేము మొదట నేర్చుకునే కటా పేరు హెయాన్ షోదాన్, 21 కదలికలు. అందులో నాలుగోది, చేతిని వెనక్కి లాక్కుని పై నుంచి పిడికిలితో సుత్తిలా కొట్టడం. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే విడిపించుకునే కదలిక అని దానికి అర్థం చెప్తారు. ఆ కదలిక వందల సార్లు చేశాను. ఒక్కసారి కూడా నా మణికట్టును నిజంగా ఎవరూ పట్టుకుని ఉండలేదు.

వారం తర్వాత మాస్టర్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కోపగించుకోలేదు, సమర్థించుకోలేదు. కాసేపు నేల చూసి, "అమ్మా, నేను నేర్పింది కరాటే. మీకు కావల్సింది, ఎదుటోడు ఒప్పుకోకుంట మీద పడుతుంటే చేసే సాధన. అది మన క్లాసుల తక్కువున్నది. నాకు తెల్సిన జూడో కోచ్ ఒకాయన ఉన్నడు, పొండ్రి" అన్నారు. ఆ నిజాయితీకి ఆయనంటే గౌరవం రెట్టింపైంది.

జూడో హాల్లో మొదటి నెలంతా పడటమే నేర్పారు. దాన్ని ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించాలి, ఊపిరి వదలాలి, చెయ్యి చాచి అరచేతితో మ్యాట్‌ను చరవాలి, తల నేలకు తగలకూడదు. నన్నడిగితే ఆత్మరక్షణ మొత్తంలో అందరికీ, మా అమ్మ వయసు వాళ్లకు కూడా, ముందు నేర్పాల్సింది ఇదే. దాడి జరగకపోయినా మనిషి పడతాడు. తడిసిన బాత్రూమ్‌లో పడతాడు, బస్సు దిగుతూ పడతాడు. పడి తల పగిలి వచ్చినవాళ్లను నేను వారానికి ఎందర్ని చూస్తానో.

రెండో నెల నుంచి రండోరి. ఇద్దరూ నిజంగా, ఒకరినొకరు పడేయాలని పట్టుకునే సాధన. 1882లో జపాన్‌లో జిగోరో కానో జూడోను మొదలుపెట్టినప్పుడు, ప్రాణం మీదికి తెచ్చే పట్లను రోజువారీ పోరు నుంచి పక్కన పెట్టాడు. మిగిలిన పట్లను పూర్తి బలంతో, ఒప్పుకోని మనిషి మీద, రోజూ చేసే వీలు దాంతో వచ్చింది. కరాటేను చూపించడానికి ఫునకోషి టోక్యో వచ్చినప్పుడు తన జూడో శిక్షణశాల కోడోకన్‌కు పిలిచి ప్రదర్శన ఇప్పించింది కూడా ఈ కానోనే. నేను ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్లోకి వెళ్లానని మొదట్లో దిగులుపడ్డాను. ఈ సంగతి తెలిశాక ఆ దిగులు పోయింది.

మొదటి రండోరిలో డిగ్రీ చదివే అమ్మాయి, నాకంటే పది కిలోలు తక్కువ, నన్ను పడేసి మెడ చుట్టూ చెయ్యి వేసి నొక్కి పట్టింది. పోటీల్లో ఇలా 20 సెకన్లు పట్టి ఉంచితే గెలిచినట్టే. నేను నిమిషం దాకా కదల్లేకపోయాను. ఊపిరి ఆడక ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతో పాటే ఒక ధైర్యం కూడా వచ్చింది, ఎందుకంటే డిసెంబరు రాత్రి నాలో గడ్డకట్టిన భయం ఇదే, ఇప్పుడు ఇది మ్యాట్ మీద ఉంది, రేపు మళ్లీ దీన్ని ఎదుర్కోవచ్చు. ఆ సాయంత్రం చెప్తే అమ్మ నవ్వింది. "మీ తాత జాతరల్ల కుస్తీ పట్టేటోడు. పొద్దుగాల లేస్తే తాలీంల మట్టిల పొర్లుడే. నిన్న ఓడిపోయినోనితోనే ఇయ్యాల మల్ల పట్టేటోడు" అంది. దేవరకొండ దిక్కు పల్లెలో పుట్టిన తాత గురించి ఆ మాట నాకు అప్పటిదాకా తెలియదు.

ఆరు నెలలకు కోచ్ సార్‌ను అడిగి, మేము నలుగురం ఆడవాళ్లం ఆదివారం ఒక గంట వేరుగా సాధన మొదలుపెట్టాం. జూడో డ్రెస్ కాదు, చుడీదార్, చున్నీ, చెప్పులు, భుజాన బ్యాగు, చేతిలో ఫోను. లైట్లు తగ్గించి అటూ ఇటూ నడుస్తాం. ఎవరు, ఎప్పుడు, ఎటు నుంచి పట్టుకుంటారో ముందు చెప్పరు. మొదటి రోజే తెలిసింది, మెడ చుట్టూ వేసుకున్న చున్నీ ఎదుటివాడి చేతికి పగ్గం లాంటిదని. ఇప్పుడు దాన్ని ఒక పక్క భుజానికి పిన్ను పెట్టుకుంటాను, లాగితే ఊడి వచ్చేలా.

మణికట్టు పడితే ఎదుటివాడి బొటనవేలికి, మిగతా వేళ్లకు మధ్య సందు ఉంటుంది, చెయ్యి అటువైపే తీయాలి. ఈ మాట వీడియోల్లో అందరూ చెప్తారు. ఉత్త చెయ్యి లాగితే మాత్రం రాదు. ఒక అడుగు వాడి వైపే వేసి, మోచెయ్యి వాడి ముంజేతి మీదికి తోస్తూ, ఒళ్లంతా తిప్పాలి. రెండు చేతులతో పట్టుకున్నవాడి దగ్గర అదీ ఒక్కోసారి పనిచేయదు, అప్పుడు ముందు మోకాలి కింద ఎముక మీద తన్నాలి. పిడికిలి బదులు అరచేతి మడమతో, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగంతో, కొట్టడం అలవాటు చేసుకున్నాం. గోడను గుద్దినవాళ్లు, తలను గుద్దినవాళ్లు చిటికెనవేలి వెనక ఎముక విరగ్గొట్టుకుని మా క్యాజువాలిటీకి వస్తారు, ఆ ఎక్స్‌రేలు ఎన్ని చూశానో. జుట్టు పట్టుకుంటే ఆ చేతిని మన రెండు చేతులతో తలకే అదిమి పట్టాలి, నొప్పి తగ్గుతుంది, అడుగు వేసే వీలు దొరుకుతుంది. కత్తి కనబడితే బ్యాగు వాడివైపు విసిరేసి ఇంకోవైపు పరుగు. దీనికి ఇంకో పద్ధతి మేము నేర్చుకోలేదు, కోచ్ సార్ నేర్పనన్నారు. వారానికి రెండు పొద్దులు మేకల అభినవ్ స్టేడియంకు వెళ్లి చెప్పులతోనే పరుగెత్తుతాను, అందుకోసమే.

అన్నిటికంటే కష్టమైంది అరవడం. "ఏయ్! ఇడువు!" అని గట్టిగా అనడానికి నలుగురు పెద్దాళ్లం సిగ్గుపడ్డాం. చిన్నప్పటి నుంచి గొంతు తగ్గించమనే విన్నాం మరి. మూడు ఆదివారాలు పట్టింది.

"కొడితే మనమీదనే కేసైతదేమో" అని అమ్మ భయం. తెలిసిన లాయరు గారిని అడిగాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే, అంతకుముందు ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉండేవి. మన ఒంటినీ, ఇంకొకరి ఒంటినీ కాపాడుకునే హక్కు ఉంది. అయితే అవసరానికి మించి కొట్టకూడదు, ప్రమాదం దాటిపోయాక వెంటపడి కొట్టేది ఆత్మరక్షణ కాదు. మేము సాధన చేసేది కూడా అంతవరకే, విడిపించుకోవడం, దూరం జరగడం, 112కు ఫోన్ చేయడం.

పోయిన ఏడాది ఎండాకాలంలో క్యాజువాలిటీలో, పేషెంట్ వెంట తాగి వచ్చిన అటెండెంట్ ఒకడు "డాక్టర్ ఏడి" అంటూ నా కుడి మణికట్టు పట్టుకుని గుంజాడు. ఆలోచించలేదు. అడుగు వాడివైపు పడింది, మోచెయ్యి ముందుకెళ్లింది, చెయ్యి బయటికొచ్చింది. "వెనక్కి జరుగు!" అన్న నా గొంతు వార్డు చివరిదాకా వినపడిందని తర్వాత చెప్పారు. వాడు జరిగాడు. వార్డ్ బాయ్, సెక్యూరిటీ వచ్చారు. నేను కొట్టలేదు, కొట్టే అవసరం రాలేదు. పది నిమిషాల తర్వాత వాడి తండ్రికి సెలైన్ పెట్టింది నేనే, సూది ఒక్కసారికే దిగింది.

కరాటే మానలేదు. మా పాప బ్లూ బెల్ట్‌లో ఉంది, తనతో పాటు కటా చేస్తాను. నాలుగో కదలిక వచ్చినప్పుడు మాస్టర్ ఇప్పుడు ఒకరి మణికట్టు ఇంకొకరితో పట్టిస్తున్నారు, గట్టిగా. పిల్లలకు అదంటే భలే ఇష్టం.

నాకు ఇంకా రానిది ఒకటుంది. వెనక నుంచి రెండు చేతులూ కలిపి, నాకంటే బరువైన మనిషి వాటేసి పట్టుకుంటే, పదిసార్లలో నాలుగుసార్లే బయటపడగలుగుతున్నా. ఒంగి నడుము కిందికి దించాలని తెలుసు, దించే లోపలే పైకి ఎత్తేస్తున్నారు. ఆదివారం సాధనకు ఈ మధ్య మా వార్డు నుంచి ఇంకో సిస్టర్ వస్తోంది, ఎనభై కిలోలు ఉంటుంది. మొదటి రోజు నన్ను పట్టుకోవడానికే మొహమాటపడింది. "అక్కా, గట్టిగ పట్టాల్నా?" అంది. గట్టిగానే పట్టమన్నాను.