వారానికి మూడుసార్లు గోదావరి దాటుతూ

మా అమ్మకి డయాలసిస్ రాజమండ్రిలో. మేముండేది కొవ్వూరు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే ఆమెను ఆటోలో కూర్చోబెట్టుకుని రోడ్డు కం రైలు బ్రిడ్జి ఎక్కుతాం. నాలుగేళ్లుగా ఇదే పని.

1974లో ఈ బ్రిడ్జి వచ్చేదాకా ఇక్కడ గోదావరి దాటాలంటే రైలో, లాంచీయో ఎక్కాల్సిందే. 1900 నాటి హేవలాక్ వంతెన రైళ్లకే ఉండేది. మా నాన్న కాలేజీలో చేరడానికి లాంచీలోనే వెళ్లారు. కింద ఒక రైలు పట్టా, పైన రెండు వరసల రోడ్డు అంటే ఆ రోజులకి అదే గొప్ప. ఇప్పుడు ఎదురెదురుగా రెండు బస్సులొస్తే, పక్కన బైకు మీద వెళ్లేవాడికి గుండె జారిపోతుంది.

అమ్మకి భయం బస్సులంటే కాదు, జాయింట్లంటే. ఎండకి వంతెన సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. అందుకని ముక్కకీ ముక్కకీ మధ్య సందు వదలాల్సిందే. ఆ సందులో మట్టి చేరి, అంచున కాంక్రీటు రాలిందంటే అదిక గొయ్యే. చక్రం పడ్డప్పుడల్లా ధడేల్మంటుంది. డయాలసిస్ అయ్యి నీరసంగా తిరిగొచ్చేటప్పుడు, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న ఎడమచేతిని కుడిచేత్తో గుండెలకి అదుముకుని కూర్చుంటుంది అమ్మ. "మెల్లగా పోనీ నాయనా" అని ఆటో అబ్బాయిని బతిమాలుతుంది. కింద రైలు వెళ్తుంటే ఆ అదురు సీటులోకి కూడా తెలుస్తుంది.

2015 పుష్కరాల నాటికి కాతేరు వైపు నాలుగో వంతెన వచ్చింది. హైవే లారీలు అటు మళ్లడం నిజంగా మంచి పని, కాదనను. కానీ అది ఊరికి ఎగువన ఉంది. ఆసుపత్రికీ, కాలేజీకీ, కొట్లో పనికీ వెళ్లేవాళ్లకి అది చుట్టుదారి. 2023లో మరమ్మతులకని పాత బ్రిడ్జి మూసినప్పుడు ఆ సంగతి మాకు బాగా తెలిసొచ్చింది. మొదటి రోజు అడ్డంగా పెట్టిన డ్రమ్ముల దాకా వెళ్లి వెనక్కి తిరిగాం. "అటెళ్లనివ్వట్లేదండీ, ఆయ్, చుట్టూ తిరగాల్సిందే" అన్నాడు ఆటో అబ్బాయి. ఛార్జీ ఎటూ పెరిగింది, దాన్నెలాగో సర్దుకున్నాం. అమ్మకిచ్చిన టైము దాటిపోతుంటే మాత్రం కాళ్లూ చేతులూ ఆడలేదు.

ట్రాఫిక్ పెరిగితే ఇంకో వెడల్పాటి వంతెన కట్టమని అందరం అడుగుతాం. నేనూ అడుగుతాను. అయితే కొత్తదానికి కొబ్బరికాయ కొట్టేముందు, యాభై ఏళ్లుగా మోస్తున్న ఈ పాతదానికి ఏటా జాయింట్లు చూసే మనుషుల్నీ, డబ్బునీ విడిగా పెట్టాలి. మూయక తప్పకపోతే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో వారం ముందే రెండు ఒడ్డులా పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాలి. ఆసుపత్రికి వెళ్లే బళ్లకి దారేదో అందులోనే రాయాలి.

మొన్న శుక్రవారం కొవ్వూరు వైపు ఒక జాయింటు దగ్గర గొయ్యి బాగుచేసి ఉంది. ఆటో అబ్బాయి అలవాటుగా బ్రేకు వేశాడు గానీ బండి అదరలేదు. అమ్మ కళ్లు మూసుకునే "దాటేశామా?" అంది.