డీహ్యుమిడిఫయర్ ఆగకుండా తిరుగుతోందా? ముందు సెన్సర్ సంగతి చూడండి

మెత్తటి ఉప్పు డబ్బాలో నీరు చెమర్చిందంటే ఆ గదిలో తేమ 75 శాతం దాటుతోందని లెక్క. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వానాకాలంలో ఇది మామూలే. బీరువాలో పట్టుచీరలకు బూజు, కెమెరా లెన్సులో మచ్చలు మొదలయ్యాక డీహ్యుమిడిఫయర్ (గాలిలో తేమను నీరుగా మార్చి బకెట్లోకి దించే మిషన్) కొంటారు. కొన్న నెలకే రెండు ఫిర్యాదులు వస్తాయి: "ఇది ఆగట్లేదు", లేదా "ఐదు నిమిషాలకోసారి ఆగి మొదలవుతోంది". చాలాసార్లు మిషన్‌లో లోపం ఉండదు. గాలిలో తేమను కొలిచి దాన్ని ఆన్ ఆఫ్ చేసే హ్యుమిడిస్టాట్‌ను తప్పు చోట పెట్టడమో, తప్పు అంకెలతో సెట్ చేయడమో అయి ఉంటుంది.

ముందు ఆగకపోవడం సంగతి. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర తేమ 80 శాతం ఉంటే ఆ గాలిలో ఉన్న నీరు దాదాపు 825 గ్రాములు. దాన్ని 55 శాతానికి దించాలంటే తీయాల్సింది 260 గ్రాములు, అంటే పావు లీటరు. మరి బకెట్‌లో రోజూ లీటర్లకు లీటర్లు ఎందుకు చేరుతున్నాయి? బయటి గాలి తలుపు కింది సందులోంచి వచ్చి చేరుతూనే ఉంటుంది కాబట్టి. గదిలో గాలి గంటకోసారి పూర్తిగా మారితే రోజుకు ఆరు లీటర్లు తీయాలి. డబ్బా మీద రోజుకు "12 లీటర్లు" అని ఉన్నా, ఆ అంకె సాధారణంగా 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కొలిచినది. గది 55 శాతానికి వచ్చేసరికి అదే మిషన్ అందులో సగం తీసినా గొప్పే. అందుకే పెద్ద మిషన్ కొనే ముందు తలుపు కింద రబ్బరు పట్టీ వేయించండి, ఎగ్జాస్ట్ కన్నం మూయండి.

ఇక సెట్టింగు. మిషన్‌లోనే ఉండే సెన్సర్ దాని పక్క గాలినే కొలుస్తుంది కానీ గది మూలల్లో సంగతి దానికి తెలియదు. విడిగా వైరు సెన్సర్ ఉన్న డిజిటల్ కంట్రోలర్ (బయటి హ్యుమిడిస్టాట్) పెట్టుకోవడం మేలు. అందులో రెండు అంకెలు ఇవ్వాలి: మొదలయ్యేది, ఆగేది. 60 దగ్గర మొదలై 53 దగ్గర ఆగేలా పెట్టండి. కొందరు 55, 54 అని పెడతారు. తలుపు ఒక్కసారి తీసినా తేమ రెండు మూడు శాతం మారుతుంది, దాంతో కంప్రెసర్ ఆగిన నిమిషానికే మళ్లీ మొదలవ్వాల్సి వస్తుంది. లోపల గ్యాస్ ఒత్తిడి సమానం కాకముందే మొదలైతే కంప్రెసర్ తిరగలేక "మ్‌మ్" అని మూలిగి, వేడెక్కి ట్రిప్ అవుతుంది. కంట్రోలర్‌లో డిలే (ఆగాక మళ్లీ మొదలయ్యే ముందు ఆగే సమయం) ఉంటే కనీసం మూడు నిమిషాలు ఇవ్వండి.

కంట్రోలర్ కొనే ముందు ఒక పరీక్ష చేయాలి. మిషన్ నడుస్తుండగా స్విచ్‌బోర్డు దగ్గర ఆపి, ఐదు నిమిషాలాగి మళ్లీ వేయండి. తనంతట తానే మొదలవ్వాలి. బటన్ నొక్కితే తప్ప రానిదైతే బయటి కంట్రోలర్‌తో ఉపయోగం లేదు. మొదలైతే, మిషన్ సొంత సెట్టింగును ఆగకుండా నడిచే మోడ్‌లో ఉంచండి. లేకపోతే రెండు హ్యుమిడిస్టాట్లు ఒకదాని మాట ఒకటి వినవు.

వైరింగ్‌లో రిలే (కంట్రోలర్ లోపల మిషన్ను ఆన్ ఆఫ్ చేసే స్విచ్) గుండా వెళ్లాల్సింది ఫేజు. న్యూట్రల్, ఎర్త్ తిన్నగా మిషన్‌కు పోవాలి. ఈ కంట్రోలర్లు 12 వోల్టులవి, 230 వోల్టులవి చూడటానికి ఒకేలా ఉంటాయి. వెనక స్టిక్కర్ చదవకుండా కరెంటు ఇస్తే అంతే సంగతులు. చవక రిలే కాంటాక్టులు కంప్రెసర్ స్టార్టింగ్ కరెంటుకు అతుక్కుపోవచ్చు, అప్పుడు డిస్‌ప్లే "ఆఫ్" అంటుంది కానీ మిషన్ తిరుగుతూనే ఉంటుంది. పెద్ద మిషన్‌కైతే మధ్యలో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్) పెట్టించండి. ఈ పని ఎలక్ట్రీషియన్‌దే.

సెన్సర్‌ను నేల నుంచి ఐదడుగుల ఎత్తున, లోపలి గోడకు పెట్టాలి. మిషన్ వదిలే గాలి వేడిగా, పొడిగా ఉంటుంది. ఆ దారిలో సెన్సర్ ఉంటే 45 చూపించి ఆపేస్తుంది, బీరువా వెనక మాత్రం 75 ఉంటుంది. ఏసీ గాలి తగిలేచోట, బాత్రూమ్ తలుపు పక్కన కూడా వద్దు. బీరువాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి, లేకపోతే అక్కడికి ఏ గాలీ వెళ్లదు.

సెన్సర్ నిజమే చెబుతోందా? దానికీ ఉప్పే సాక్షి. సీసా మూతలో అర చెంచా మెత్తటి ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే చుక్కలుగా నీళ్లు కలపండి. కరిగిపోకూడదు. దాన్ని, సెన్సర్‌ను జిప్ కవర్‌లో ఒకదానికొకటి తగలకుండా పెట్టి మూయండి. ఏసీ ఆపిన గదిలో రాత్రంతా వదిలితే పొద్దుటికి 75 చూపించాలి. 71 ఉంటే కంట్రోలర్ చూపే అంకెను సరిచేసే కాలిబ్రేషన్‌లో 4 కలపండి. కల్లుప్పు వాడకండి. అందులో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది, అది 33 శాతం దగ్గరే తేమ లాగేసే రకం, లెక్క చెడుతుంది. ఆరు నెలలకోసారి ఈ పరీక్ష సరిపోతుంది. సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పు ధూళి పేరుకుని సెన్సర్ ఎక్కువ చూపించడం మొదలుపెడుతుంది. అగరొత్తుల పొగ, కొత్త పెయింటు, సిలికాన్ సీలెంట్ వాసన కూడా దానికి పడవు. ఏమి చేసినా 99 దగ్గరే ఉండిపోతే మార్చేయడమే, శుభ్రం చేస్తూ కూర్చోవడం దండగ.

ఏసీలో డ్రై మోడ్ ఉందిగా అనుకోవచ్చు. చాలా ఏసీల్లో తేమ సెన్సరే ఉండదు, ఆ మోడ్ ఉష్ణోగ్రతను, టైమును చూసుకుని నడుస్తుంది. పైగా కంప్రెసర్ ఆగాక ఫ్యాన్ తిరుగుతూ ఉంటే లోపలి చల్లటి కాయిల్ మీది నీరు ఆవిరై గదిలోకే వస్తుంది.

డ్రెయిన్ పైపు మిషన్ నుంచి కిందికే దిగాలి, మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు. ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగండి. బకెట్‌లో నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీలో పోయొచ్చా అని అందరూ అడుగుతారు. వద్దు. చూడటానికి డిస్టిల్డ్ వాటర్‌లా ఉన్నా అందులో కాయిల్ మీది దుమ్ము, లోహపు కణాలు కలుస్తాయి. మొక్కలకు పోసుకోండి.