బావ పడవకి సోలార్

నెల్లూరులో ఇన్వర్టర్ల షాపు పెట్టి పన్నెండేళ్లయింది. ఏ ఇంటి డాబా ఎక్కినా దక్షిణం ఎటో చూసుకుని, వాటర్ ట్యాంకు నీడ పడని చోట సుద్దముక్కతో గీత గీసి దిగిపోతాను. చెన్నైలో ఉండే మా మేనత్త కొడుకు ఫోన్ చేసి "పడవకి సోలార్ పెట్టాలి, ఒకసారి రా బావా" అన్నప్పుడు కూడా ఇదెంత పని అనుకున్నాను.

బావది 22 అడుగుల పాత తెరచాప పడవ, చెన్నై హార్బర్ లోపల ఉంటుంది. శనివారం రైలు గూడూరు దాటాక పేపరు అంచు మీద లెక్క వేశాను. రాత్రి లంగరు లైటు పావు ఆంపియర్, 12 గంటలకు 3 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఆంపియర్లని గంటలతో గుణిస్తే వచ్చేది). పడవలు మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో ఊరికే వింటూ ఉన్నా అర ఆంపియర్, పది గంటలకు 5. జీపీఎస్, లోతు చూపే మీటరు కలిపి 8. చిన్న ఫ్యాను, ఫోన్లు మరో 8. మొత్తం రోజుకి 24. బ్యాటరీ 100 ఏహెచ్ లెడ్ యాసిడ్. సగానికి మించి వాడితే త్వరగా చస్తుంది కాబట్టి లెక్కకి 50, అంటే రెండు రోజులు. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో ఐదున్నర ఆంపియర్లిస్తుంది. అలాంటి ఎండ ఐదు గంటలున్నా 27. గుమ్మిడిపూండి రాకముందే పెన్ను జేబులో పెట్టేశాను.

బావ సెంట్రల్‌కి వచ్చాడు. అట్నించి అటే రిచీ స్ట్రీట్. మౌంట్ రోడ్డు పక్కన ఆ సందుల్లో కరెంటు సామాను ఏదైనా దొరుకుతుంది, నిలబడటానికి చోటు తప్ప. నా అరవం విని కౌంటర్ వెనకాయన "తెలుగులోనే చెప్పండన్నా, మాది సూళ్లూరుపేట" అన్నాడు. ముందు వంగే ప్యానెల్ చూపించాడు. తేలిక, డెక్కుకి అతికిస్తే సరి. బావ వద్దే వద్దన్నాడు. అంతకుముందు అలాంటిదే అతికిస్తే, కింద గాలి ఆడక ఉడికిపోయి, పైన కాలు పడి సెల్స్ చిట్లి, ఏడాది తిరక్కుండానే గోధుమరంగు మచ్చలొచ్చాయట.

తర్వాత ఎంపీపీటీ కంట్రోలర్ అంటగట్టబోయాడు, ప్యానెల్ ఇచ్చే అదనపు వోల్టుల్ని కూడా చార్జింగ్‌కి వాడుకునే ఖరీదైన రకం. ఇక్కడ మాత్రం నా షాపు అనుభవం పనికొచ్చింది. 36 సెల్స్ ప్యానెల్ 18 వోల్టులిస్తుందన్నది 25 డిగ్రీల దగ్గర మాట. ఈ ఎండకి అది 65 డిగ్రీలకి కాగితే 15కి దిగుతుంది. బ్యాటరీ నిండటానికి ఎటూ 14.4 కావాలి. మిగిలే ఆ అర వోల్టుని ఏరుకోవడానికి అంత డబ్బెందుకు? చవకైన మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్, గట్టి ఫ్రేము ఉన్న 100 వాట్ల ప్యానెల్ తీసుకున్నాం.

హార్బర్ గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లు పాసులు చూసి, ప్యానెల్‌ని అటూ ఇటూ తిప్పి చూసి వదిలారు. పడవని ముందు తాడు ఒక్కదానితో బోయాకి, అంటే నీళ్లలో తేలే లంగరు డ్రమ్ముకి, కట్టారు. ప్యానెల్‌ని క్యాబిన్ కప్పు మీద పడుకోబెట్టి వైర్లు కలిపి, కరెంటు ఎంత పారుతోందో చూపే క్లాంప్ మీటర్ తగిలించాను. 4.7 ఆంపియర్లు. "చూశావా" అన్నట్టు బావ వైపు తిరిగాను. అంతలో గాలి కాస్త మళ్లింది, పడవ మెల్లగా తిరిగింది. తెరచాప కింది అడ్డకొయ్య నీడ వచ్చి ప్యానెల్ ఒక అంచున ఒక్క సెల్లు వరస మీద పడింది. మీటర్లో 0.1.

ప్యానెల్లో అన్ని సెల్సూ దండలా ఒకదాని వెనక ఒకటి కలిసి ఉంటాయి. ఒక్కదానికి వెలుగు అందకపోతే బైపాస్ డయోడ్ ఆ సగం దండని, అంటే 18 సెల్స్‌ని, పక్కకి తప్పిస్తుంది. మిగతా సగం నుంచి తొమ్మిది వోల్టులే వస్తాయి. వాటితో పన్నెండు వోల్టుల బ్యాటరీ ఎక్కదు. సగానికి సగం రావాలి కదా అనుకుంటాం, సున్నా వస్తుంది. ఇదంతా నాకు తెలియనిదేం కాదు. కస్టమర్లకి చెప్పేదే. కానీ ఇల్లు తిరగదుగా! గాలి ఎటు మళ్లితే అటు తిరిగే పడవ మీద దక్షిణం వెతుక్కోవడం నాదే బుద్ధి తక్కువ.

మళ్లీ ఆటో, మళ్లీ రిచీ స్ట్రీట్. సూళ్లూరుపేట ఆయన గొణిగాడు గానీ మార్చి ఇచ్చాడు, 50 వాట్లవి రెండు. వెనక కమ్మీలకి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి బిగించి ప్యారలల్‌లో కలిపాం. నీడ ఒకదాని మీద పడ్డా రెండోది దాని పని అది చేసుకుంటుంది. వాలు పెట్టలేదు. చెన్నై ఉన్న 13 డిగ్రీల అక్షాంశంలో చదునుగా పెట్టినా పోయేది తక్కువే. అల్యూమినియం ఫ్రేముకీ స్టీలు బోల్టుకీ మధ్య నైలాన్ వాషర్లు వేశాను, లేకపోతే ఉప్పుగాలికి ఫ్రేము పాడైపోతుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు. ఈ హడావిడిలో నా పది నంబరు స్పానర్ నీళ్లలో పడింది.

చీకటి పడిందని మీటర్ చూడటం ఆదివారానికి వాయిదా వేశాం. పొద్దున గాలి ఒడ్డు వైపు నుంచి వస్తోంది. పదకొండింటికి కుడి ప్యానెల్ 2.2, నీడలో ఉన్న ఎడమది 0.1. బావ ఫ్లాస్కులోంచి కాఫీ పోస్తుండగా సముద్రపు గాలి మొదలై పడవ మూతి తూర్పుకి తిప్పుకుంది. క్లాంప్ మళ్లీ తగిలించాను. ఎడమది 2.4, కుడిది 0.1.