ఆకాను దాచింది కమ్మలు కాదు పిన్నీ

మొన్న శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మళ్ళీ యెహోషువ 7వ అధ్యాయం వచ్చింది, ఆకాను కథ. యెరికో పట్టణం గెలిచినప్పుడు ముట్టుకోవద్దన్న సొమ్ము తీసుకుని తన డేరాలో పాతిపెట్టిన ఇశ్రాయేలీయుడు అతను. ఆ పేరు వింటే చాలు నాకు మా పిన్ని చెవులు గుర్తొస్తాయి.

నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. పిన్ని చిన్న కొడుక్కి ఫిట్స్ వచ్చేవి. ఊళ్ళో మూడు రోజులు కూటాలు పెడితే బయట నుంచి వచ్చిన ప్రసంగీకుడొకాయన ఆకాను కథ ఎత్తుకుని, మీ ఇంట్లో రోగం పోవట్లేదంటే మీ డేరాలో ఏదో దాచారు, తీసి బయటపెట్టండి అని గట్టిగా అరిచాడు. మన బైబిల్లో ఆకాను తీసినవి మూడు ఉంటాయి కదా, మంచి షీనారు పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి. కమ్మి అంటే కడ్డీ, అర కిలో పైనే ఉంటుంది. పిన్నికి అది చెవి కమ్మలాగే వినబడింది (నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నా). చాప మీద కూర్చునే కుడి చెవిది తీసేసింది, ఎడమ దానికి వెనక మర బిగుసుకుపోయి రాలేదు, మా అమ్మ వద్దే వద్దే అంటున్నా వినకుండా లాగేసింది, చెవి తమ్మె మీద రక్తం. పెళ్ళికి అమ్మమ్మ పెట్టిన కమ్మలు, రెండూ కానుకల సంచిలో వేసేసింది. తర్వాత కూడా పిల్లాడికి ఫిట్స్ వచ్చాయి, అప్పట్నుంచి ఇంకా ఏం పాపం దాచానో అని తనలో తను వెతుక్కోవడం మొదలుపెట్టింది. కమ్మలు పోయినందుకు కాదు, నాకు ఇప్పటికీ బాధ అది.

ఆకానుది చిన్న తప్పు అని చెప్పడానికి ఇది రాయట్లేదు. యెరికోలో వెండి బంగారం, ఇత్తడి ఇనుప పాత్రలు యెహోవా ధనాగారానికి, మిగతాది శపితం, ముట్టుకోకూడదు అని ముందే చెప్పారు, అతను విన్నాడు, అయినా తీసుకున్నాడు. దానివల్లే ఆ తర్వాత హాయి అనే ఊరి మీదికి వెళ్ళినప్పుడు ఓడిపోయి 36 మంది పోయారు, 36 ఇళ్ళల్లో ఏడుపు. అతని ఒప్పుకోలు చూడండి, చూశాను, ఆశపడ్డాను, తీసుకున్నాను, దాచాను. ఏదెను తోటలో హవ్వ కూడా వద్దన్న పండు చూసింది, రమ్యంగా అనిపించింది, తీసుకుంది, ఆ తర్వాత ఆదాము, తను ఇద్దరూ చెట్ల మధ్య దాక్కున్నారు. అపొస్తలుల కార్యాల్లో అననీయ సప్పీరా అనే భార్యాభర్తలు పొలం అమ్మి కొంత వెనక్కి దాచుకున్న చోట, ఆ పుస్తకం రాసిన లూకా వాడిన గ్రీకు మాట, గ్రీకు పాత నిబంధనలో ఆకాను గురించి వాడిన మాట, రెండూ ఒకటే. అన్నిటికన్నా నాకు మనసు కలుక్కుమనేది 8వ అధ్యాయం 2వ వచనం, హాయి మీదికి రెండోసారి వెళ్ళేటప్పుడు దోపుడు సొమ్ము మీరే తీసుకోండి అని దేవుడే అన్నాడు. ఒక్క ఊరు ఓపిక పట్టుంటే సరిపోయేది.

కానీ ఆకానుని పట్టుకుంది ఎవరు? పక్క డేరా వాళ్ళు కాదు, వాళ్ళ నాయకుడు యెహోషువ కూడా ఎవరినీ అనుమానించలేదు. రేపటికి మిమ్మల్ని పరిశుద్ధపరచుకోండి అని ముందు రోజే కబురు చేశారు, అంటే ఒక రాత్రంతా టైం ఉంది. పొద్దున్నే దేవుడే మొదట గోత్రాన్ని, తర్వాత వంశాన్ని, తర్వాత కుటుంబాన్ని, చివరికి మనిషిని పట్టి చూపించాడు. ఒక్కో మెట్టు దగ్గరా ముందుకొచ్చి నేనే అనడానికి దేవుడు సందు ఇస్తూనే ఉన్నాడు అని చాలామంది బోధకులు చెప్తారు, నేనూ అదే నమ్ముతాను. చివర్లో కూడా యెహోషువ అతన్ని దొంగా అనలేదు, నా కుమారుడా అన్నాడు. మన కూటాల్లో ఆ పిలుపు ఎవరైనా నొక్కి చెప్పగా నేను వినలేదు, అతన్ని రాళ్ళతో కొట్టి చంపింది మాత్రం బాగా చెప్తారు.

ఇంకోటి, మనకి కమ్మి అని ఉన్నచోట హెబ్రీలో బంగారు నాలుక అని ఉంటుంది. 3వ శతాబ్దంలో ఓరిగెను అనే సంఘ బోధకుడు ఈ కథ మీద ప్రసంగిస్తూ, తత్వవేత్తల, దుర్బోధకుల మెరిసే మాటలే ఆ బంగారు నాలుక, అలాంటిది సంఘంలోకి తెచ్చుకోకండి అన్నాడు. అది చదివిన రోజు నాకు ఆ రాత్రి మైకులో విన్న గొంతే చెవుల్లో మోగింది.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది కూడా ఇదే, వీడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నలా అని. ప్రభువు వీడూ కాదు, వాళ్ళూ కాదు అన్నాడు. యోహాను 9, మూడో వచనం. ఆ ఒక్క మాట ఆ రాత్రి ఎవరైనా మైకులో చదివుంటే మా పిన్ని ఇన్నేళ్ళు తనని తను తవ్వుకునేది కాదు. పిల్లాడికి మాత్రలు మానకుండా వాడాకే తగ్గింది, వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు. పిన్ని మళ్ళీ కమ్మలు పెట్టుకోలేదు.

శుక్రవారం రాత్రి ఇంటికొచ్చాక పిన్నికి ఫోన్ చేశా. ఆకానుని రాళ్ళతో కొట్టి, మీద రాళ్ళ కుప్ప వేసిన ఆకోరు లోయ గుర్తుందా అంటే గుర్తుంది అంది చిన్నగా. హోషేయ 2:15 చదివి వినిపించా, అదే ఆకోరు లోయని నిరీక్షణ ద్వారంగా చేస్తాను అంటాడు దేవుడు అక్కడ. కాసేపు మాట లేదు. అదే లోయేనా అంది. అదే పిన్నీ అన్నా. ఉండమ్మా అని ఫోన్ మంచం మీద పెట్టేసి కళ్ళజోడు కోసం వెతుక్కుంటున్న చప్పుడు, తర్వాత పేజీలు తిప్పుతున్న చప్పుడు, తర్వాత ఏ వచనం అన్నావూ మళ్ళీ చెప్పు, పెన్సిల్‌తో గీసుకుంటా అంది.