ఫెచ్ బిట్టు మోసే రెండో బరువు

పర్లాకిమిడిలో ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు లినక్స్ కెర్నెల్ లోపలే నడిచే ఒక చిన్న ఈబీపీఎఫ్ ప్రోగ్రాము రాశాడు. వచ్చిన ప్యాకెట్ వివరాలను అది ముందుగా మ్యాపులో (ప్రోగ్రాములు పంచుకునే నిల్వలో) రాసి, ఆ తరువాత ఒక లెక్కను ఒకటి పెంచుతుంది. లెక్క పెరగడం చూసి మరో కోర్ ఆ వివరాలను చదువుతుంది. "ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది మావయ్యా, రాస్ప్‌బెర్రీ పై 5 బోర్డు మీద మాత్రం అప్పుడప్పుడు లెక్క పెరిగినా వివరాలు పాతవే వస్తున్నాయి" అన్నాడు.

లినక్స్ కెర్నెల్‌లోని ఈబీపీఎఫ్ వర్చువల్ మెషీన్‌లో అటామిక్ ఆదేశం (మరో కోర్ మధ్యలో దూరకుండా ఒక విలువను మార్చేది) పొడవు 8 బైట్లు. దశాంశంలో చెప్పాలంటే మొదటి బైటు 64 బిట్ల విలువకు 219, 32 బిట్ల విలువకు 195. చేయవలసిన పని చివరి నాలుగు బైట్లలోని స్థిరాంకంలో ఉంటుంది: కూడికకు 0, బిట్ల మీద చేసే ఆర్‌కు 64, యాండ్‌కు 80, ఎక్స్‌ఆర్‌కు 160. దానికి 1 కలిపితే అదే ఫెచ్ బిట్టు. అప్పుడు మెమరీలోని పాత విలువ, ఆదేశానికి విలువనిచ్చిన సోర్స్ రిజిస్టర్‌లోకి వస్తుంది. పూర్వం ఎక్స్‌యాడ్ పేరుతో కూడిక ఒక్కటే ఉండేది, అప్పుడు ఆ స్థిరాంకం 0 కనుక, 2021లో 5.12 కెర్నెల్ మిగతా పనులను చేర్చినప్పుడు పాత ప్రోగ్రాములు యథాతథంగా నడిచాయి. ముచ్చటైన పొదుపు అది. మార్పిడికి 225, పోల్చి మార్చడానికి 241 కాబట్టి ఆ రెండింటిలో ఫెచ్ ఎప్పుడూ ఉంటుంది. రెండోదానిలో పోల్చవలసిన విలువను ఆర్0 రిజిస్టర్‌లో ఉంచాలి, పాత విలువ కూడా ఆర్0లోకే వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఫెచ్ పాత విలువను తెచ్చిపెట్టడమే కాదు, కెర్నెల్‌లో ఆ ఆదేశానికి ముందూ వెనుకా ఉన్న మెమరీ పనుల వరుసను కూడా కాపాడుతుంది. ఫెచ్ లేని కూడిక, తాను పెంచే ఆ ఒక్క విలువ చెడకుండా చూస్తుందే తప్ప, ఇతర రాతలు ఏ వరుసలో బయటపడతాయో పట్టించుకోదు. ఎక్స్86 ప్రాసెసర్‌లో లాక్ అనే ముందుగుర్తు తగిలించిన ఏ ఆదేశమైనా పూర్తి వరుసను పాటిస్తుంది కనుక ల్యాప్‌టాప్‌లో ఈ తేడా బయటపడదు. పై 5లోని కార్టెక్స్ ఏ76 ప్రాసెసర్ మీద జిట్ కంపైలర్ (ఈబీపీఎఫ్ ఆదేశాలను ప్రాసెసర్ సొంత ఆదేశాలుగా మార్చేది) ఫెచ్ లేని కూడికను వరుస హామీ లేని ఎస్‌టీయాడ్‌గా, ఫెచ్ ఉన్నదాన్ని ఎల్‌డీయాడ్‌ఏఎల్‌గా మారుస్తుంది. మావాడి ప్రోగ్రామును విప్పి చూస్తే స్థిరాంకం 0గానే ఉంది. ప్రోగ్రామును కంపైల్ చేసే క్లాంగ్‌కు వీ3 కంటే పాత సీపీయూ స్థాయిని (ఏ ఈబీపీఎఫ్ ఆదేశాలు వాడవచ్చో చెప్పేది) ఇస్తే అది పుట్టించగల అటామిక్ ఆదేశం ఫెచ్ లేని కూడిక ఒక్కటే.

రెండు హామీలను ఒకే బిట్టుకు ముడిపెట్టడం నాకు నచ్చదు. పాత విలువతో పనిలేకపోయినా, వరుస కోసం దానిని అడగవలసి వస్తుంది. 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9669 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా వెలువడిన ఈబీపీఎఫ్ ఆదేశాల పత్రంలో ఫెచ్ వివరణ పాత విలువ తిరిగి రావడం గురించే చెబుతుంది.

6.15 కెర్నెల్‌లో తన తరువాతి మెమరీ పనులను ముందుకు జరగనివ్వని చదువు లోడ్ అక్వైర్ (256), తన ముందటి పనులను వెనక్కు జరగనివ్వని రాత స్టోర్ రిలీజ్ (272) చేరాయి, ఇవి 8, 16 బిట్ల విలువలకు కూడా పనిచేస్తాయి. మావాడి ప్రోగ్రాములో ఒక్కో మ్యాపు విలువను రాసే కోర్ ఒక్కటే కనుక అటామిక్ కూడిక అక్కర్లేదు; వివరాలను రాశాక పెంచిన లెక్కను స్టోర్ రిలీజ్‌తో రాస్తే చాలు. చదివేవైపు కూడా లెక్కను లోడ్ అక్వైర్‌తోనే తీసుకోవాలి, లేకపోతే రాసేవైపు తీసుకున్న జాగ్రత్త వృథా. వాడి బోర్డు మీద ఉన్నది పాత కెర్నెల్ కనుక ప్రస్తుతానికి వీ3 స్థాయి పెట్టి, ఫెచ్ ఉన్న కూడికనే వాడమన్నాను.