కొండ నుంచి సముద్రం దాకా: పిల్లలు, పెద్దలతో బార్సిలోనాలో ఒక రోజు

బార్సిలోనా కొండల దగ్గర మొదలై సముద్రం వైపు పల్లంగా దిగే ఊరు. ఈ వాలును పట్టించుకోకుండా రోజంతా ఎక్కుతూ దిగుతూ తిరిగితే, మధ్యాహ్నానికే పిల్లలు ఎత్తుకోమంటారు, పెద్దవాళ్ళ మోకాళ్ళు మొరాయిస్తాయి. అందుకే మేం పైనున్న పార్క్ గ్వెల్‌తో మొదలుపెట్టి, సగ్రాదా ఫమీలియా చర్చి, పాత ఊరు చూసుకుంటూ సముద్రం దాకా దిగాం. ఇంటిల్లిపాదీ వెళ్ళేటప్పుడు ఇంతకన్నా మంచి వరుస లేదని మా నమ్మకం.

టికెట్లు ఇంట్లోనే కొనుక్కోవాలి. పార్క్‌కీ, సగ్రాదా ఫమీలియాకీ ప్రవేశ సమయం వేసి అమ్ముతారు. రద్దీ రోజుల్లో గేటు దగ్గరికెళ్ళి అడిగితే దొరకడం కష్టం. పార్క్‌లో రాసిన సమయం దాటాక అరగంట వరకే రానిస్తారు, ఒకసారి బయటికొస్తే మళ్ళీ లోపలికి పంపరు. సగ్రాదా ఫమీలియాలో 11 ఏళ్ళలోపు పిల్లలకు ఉచితమే, కానీ వాళ్ళ పేరున కూడా టికెట్టు తీసుకోవాలి. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. రెండింటి మధ్య కనీసం మూడు గంటల తేడా ఉంచుకోండి.

పార్క్‌కి లెస్సెప్స్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు గానీ, అది ఇరవై నిమిషాల ఎక్కుడు. కాతలూన్యా కూడలిలో 24 నంబరు బస్సెక్కితే పక్క గేటు దగ్గరే దింపుతుంది. 116 నంబరు చిన్న బస్సు కూడా అటు తిరుగుతుంది, దాన్ని ఎక్కకండి. అది ఆ వాడలోని వృద్ధులు కూరగాయలకీ ఆస్పత్రికీ వాడుకునే బస్సు. యాత్రికులతో నిండిపోయి వాళ్ళకు చోటు దొరకడంలేదని, 2024లో నగరపాలక సంస్థ గూగుల్ మ్యాప్స్ నుంచే ఆ మార్గాన్ని తీయించింది.

పార్క్‌లో అందరూ మెట్ల మీదున్న రంగుల బల్లి బొమ్మ దగ్గర ఫొటోకి తోసుకుంటారు. దాని పైనున్న స్తంభాల మంటపంలో కాసేపు నిలబడండి. అక్కడ 86 స్తంభాలున్నాయి. వాటి మీదున్న మైదానానికి గచ్చు చేయలేదు. అక్కడ పడ్డ వాన మట్టిలోంచి వడకట్టుకుని, స్తంభాల లోపలి గొట్టాల గుండా కింది తొట్టిలోకి చేరుతుంది. తొట్టి నిండితే మిగిలిన నీరు మెట్ల దగ్గరున్న ఫౌంటెన్‌లోంచి బయటికొస్తుంది. 1900లో మొదలైన ఈ చోటును సంపన్నుల ఇళ్ళ కాలనీగా అనుకున్నారు. స్థలాలు అమ్ముడుపోక చివరికి అది ఊరి పార్క్ అయింది. మైదానం చుట్టూ పెంకు ముక్కలు అతికిన మెలికల బల్ల వీపుకి చక్కగా ఆనుతుంది, పెద్దవాళ్ళను అక్కడ కూర్చోబెట్టొచ్చు. నీడ తక్కువ, టోపీలు తప్పనిసరి. అక్కణ్నుంచి కిందికి నలుపు పసుపు టాక్సీలో దిగడం మేలు. మామూలు టాక్సీలో నలుగురికే చోటు, చంటిబిడ్డ కూడా లెక్కలోకి వస్తుంది.

సగ్రాదా ఫమీలియా పని 1882లో మొదలైంది. మరుసటి ఏడాది వాస్తుశిల్పి గౌదీ చేతికొచ్చింది. 1926లో ట్రామ్ గుద్ది ఆయన చనిపోయారు, సమాధి ఆ చర్చి కిందే ఉంది. లోపల స్తంభాలు పైకి పోతూ చెట్లలాగా కొమ్మలు వేస్తాయి. బరువు ఆ కొమ్మల మీదుగా నేలకు దిగుతుంది కాబట్టే గోడల్లో అంత అద్దం పెట్టగలిగారు. తూర్పు అద్దాలు నీలం, ఆకుపచ్చ. పడమటివి ఎరుపు, నారింజ. ఉదయం వెళితే నీలం వెలుగు, సాయంత్రం ఎరుపు. ఫొటోలకు సాయంత్రాన్ని మెచ్చుకుంటారు గానీ, అప్పటికి పిల్లలు అలసిపోతారు. సాయంత్రం దాకా ఆగకండి.

గోపురాల టికెట్టు మాత్రం ఆలోచించి కొనాలి. ఆరేళ్ళలోపు పిల్లల్ని పైకి పంపరు. లిఫ్టు ఎక్కించడానికే, దిగేది ఇరుకు చుట్టు మెట్ల మీద. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు వద్దే వద్దు. గాలి ఎక్కువైతే గోపురాలు మూసేస్తారు. భుజాలు కప్పే బట్టలు వేసుకోవాలి.

భోజనం ఒంటిగంట, రెండున్నర మధ్య ముగించండి. నాలుగు దాటితే చాలా వంటిళ్ళు మూసేసి రాత్రి ఎనిమిదికి గానీ తెరవరు. శాకాహారులకు అసలు చిక్కు మాంసం కాదు, అక్కడివాళ్ళు మాంసంగా లెక్కపెట్టని హామ్ (పంది తొడ మాంసం), ట్యూనా చేప. సలాడ్‌లో, కూరగాయల వంటకంలో చెప్పకుండా వచ్చేస్తాయి. ‘సిన్ కార్నే’ (మాంసం లేకుండా) అంటే చాలదు, ‘సిన్ హామోన్, సిన్ పెస్కాదో’ (హామ్ లేకుండా, చేప లేకుండా) అని కూడా చెప్పాలి. నిప్పుల మీద కాల్చిన వంకాయ, కాప్సికం, ఉల్లిపాయలతో చేసే ఎస్కలివాదా మన నాలుకకు బాగా పడుతుంది. పైన చేప పెట్టొద్దని అడగండి. టమాటా రుద్దిన రొట్టె, పాలకూరలో ఎండుద్రాక్ష వేసిన వేపుడు కూడా బాగుంటాయి.

నడకలో ఒక చిక్కుంది. సగ్రాదా ఫమీలియా ఉన్న ఎషాంప్లె ప్రాంతానికి 1859లో సెర్దా అనే ఇంజనీరు గళ్ళ ప్లాను గీశాడు. అక్కడి ఇళ్ళ వరుసల మూలలన్నీ కోసేసి ఉంటాయి. రోడ్డు దాటే గీతలు మూల దగ్గర కాక కాస్త లోపలికి ఉంటాయి. తిన్నగా వెళ్ళాలన్నా ప్రతి కూడలిలో వంకర తిరగాలి, కాబట్టి మ్యాప్ చూపే దూరంకన్నా ఎక్కువే నడుస్తారు. పిల్లల్ని ఎక్కించిన తోపుడుబండి ఉంటే ఇంకాస్త సమయం కలుపుకోండి.

పాత ఊళ్ళో కెథడ్రల్ (పెద్ద చర్చి) లోపలి ఆవరణలో 13 తెల్ల పెద్దబాతులుంటాయి. పదమూడేళ్ళకు ప్రాణాలర్పించిన సెయింట్ ఎవులాలియా పేరున వాటిని పెంచుతారు. పిల్లలు అక్కణ్నుంచి కదలరు. వెనక పారదీస్ సందులో ఒక ఇంటి నడవలో రోమన్ గుడి స్తంభాలు నాలుగున్నాయి, చూడ్డానికి డబ్బు అక్కర్లేదు. బొకేరియా మార్కెట్‌కి ఆదివారం సెలవు.

జేబుదొంగలు మెట్రో తలుపులు మూసుకునే క్షణంలో, లా రాంబ్లా వీధి రద్దీలో, కాఫీ బల్లల దగ్గర పనిచేస్తారు. బల్ల మీదున్న ఫోను పైన మ్యాప్ పరిచి దారి అడుగుతారు, మ్యాప్‌తోపాటు ఫోనూ పోతుంది. చొక్కా మీద మరక పడిందని తుడవడానికి వచ్చేవాణ్ని దగ్గరికి రానివ్వకండి. పాస్‌పోర్టులు బయటికి తేకుండా, నకళ్ళు పెట్టుకోండి.

బార్సిలోనెటా తీరంలో ఇసుక మీద పిల్లల్ని వదిలేస్తే సాయంత్రం దానంతటదే గడుస్తుంది. తిరుగు ప్రయాణానికి అదే పేరుతో మెట్రో స్టేషన్ ఉంది. టి-కాజువల్ కార్డు పది ప్రయాణాలిచ్చినా ఒక్కరికే, చేతులు మార్చి వాడితే జరిమానా పడుతుంది. కుటుంబానికి ఎనిమిది ప్రయాణాల టి-ఫమీలియార్ కావాలి, మనిషికొకసారి చొప్పున గేటు దగ్గర వేయాలి. నాలుగేళ్ళలోపు పిల్లలకు టికెట్టు లేదు. మెట్రో మామూలు రోజుల్లో అర్ధరాత్రి దాకా, శుక్రవారం రెండింటి దాకా, శనివారం రాత్రంతా నడుస్తుంది.