ముందు ఒక్క చైన్‌రింగ్ చాలు

రోజూ ఆఫీసుకు తొక్కే నా సైకిల్‌కి ముందు 48, 38, 28 పళ్ల చైన్‌రింగులు (పెడళ్ల దగ్గర చైన్‌ని లాగే పళ్ల చక్రాలు) మూడున్నా, ఏడాదిగా మధ్యదాన్ని తప్ప వేరేది దాదాపు వాడిందే లేదు, మిగతా రెండూ ఊరికే మట్టీ గ్రీజూ పోగేసుకుంటూ కూర్చున్నాయి. పోయిన ఆదివారం పీకేశాను.

ముందు డిరైలర్ (చైన్‌ని ఒక రింగు నుంచి ఇంకోదానికి జరిపేది), దాని కేబుల్, ఎడమ చేతి షిఫ్టర్ (గేరు మార్చే మీట) విప్పడం ఎంతసేపో పట్టదు. అసలు తిప్పలు బోల్టుల దగ్గరే. రెండు రింగుల్ని కలిపి పట్టే పాత బోల్టులు ఒక్క రింగుకి పొడవెక్కువై, ఎంత బిగించినా రింగు కదులుతూనే ఉంటుంది. సింగిల్ రింగుకని పొట్టి బోల్టులు విడిగా దొరుకుతాయి, ముందే తెచ్చుకోండి. నేను తెచ్చుకోలేదు, వాషర్లు పెట్టి సర్దుకున్నా.

పాత 38 రింగునే ఉంచేద్దామనుకున్నా గానీ, దాని పళ్లు చైన్ సులువుగా పక్క రింగుకి జారేలా చెక్కి ఉంటాయి, పైగా అదుపులో పెట్టే డిరైలర్ కూడా లేదాయె. రెండో రోజే గుంతలో పడగానే చైన్ ఊడింది, ఆఫీసుకు నల్లటి చేతులతో వెళ్లా. దాంతో 38 పళ్లదే నారో-వైడ్ రింగు వేశాను. అందులో ఒక పన్ను సన్నం, పక్కది లావు, చైన్‌లో ఇరుకు, వెడల్పు లింకులు కూడా అదే వరసలో వస్తాయి కాబట్టి గట్టిగా పట్టుకుంటుంది. చైన్ పొడవెక్కువైతే నాలుగు లింకులు తీశా.

వెనక పెద్ద గేరు 28 పళ్లది. అంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం 1.36 చుట్లు తిరుగుతుంది, మునుపు 28 పళ్ల చిన్న రింగుతో సరిగ్గా ఒక్క చుట్టే. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం సీటు మీంచి లేవాల్సి వస్తోంది.